కరుణ కంప్యూటర్‌కి మాట పడిపోయిన రోజు

చిలకలూరిపేటలో మెయిన్ రోడ్డు వదిలి రెండు సందులు లోపలికి వెళ్తే నా కంప్యూటర్ రిపేరు షాపు ఉండేది. ఇరవై ఆరేళ్లు నడిపాను. ఆ ఇరవై ఆరేళ్లలో నేను విప్పిన స్క్రూలన్నీ వరసగా పేరిస్తే ఇక్కడి నుంచి దర్శి దాకా వెళ్తాయి. తిరిగి బిగించినవి మాత్రం అందులో సగం దూరం కూడా రావు. మిగిలినవన్నీ మా ఇంట్లో పాత ఆవకాయ జాడీలో ఉన్నాయి.

మెడ నరం పట్టేసి, తల ఎడమవైపు తిప్పాలంటే మనిషి మొత్తం తిరగాల్సి రావడంతో యాభై నాలుగేళ్లకే షట్టరు దించేశాను. ఈ పనిలోకి కొత్తగా దిగేవాళ్లు ఇప్పటికీ కనబడినప్పుడల్లా అడుగుతుంటారు, ఏ కోర్సు చేస్తే మంచిదండీ అని. కోర్సుల సంగతి నాకు తెలియదు. నాకు బాగా తెలిసింది ఒక్క కేసు. ఉన్నట్టుండి సౌండు పోయిన ఇంటి కంప్యూటర్ కేసు.

మా వృత్తిలో అంతకంటే చిన్న రిపేరు లేదు. డాక్టరుకి జలుబు ఎంతో మాకు అదంత. ఆ జలుబు దగ్గరే నేను ఒక్క మధ్యాహ్నంలో నాలుగుసార్లు నిర్ఘాంతపోయాను. స్పీకర్ల అరుపుకి గుండె ఆగినంత పనైన సంగతి ఆ నాలుగింటిలో లెక్కవేయలేదు.

మా ఓనరు నేర్పిన రెండు పాఠాలు

నేను పని నేర్చుకున్నది గుంటూరులో, శేషగిరి గారనే ఆయన షాపులో. చేతిలో పనితనం ఉన్న మనిషి. చచ్చిన మదర్‌బోర్డు మీద ఆయన చెయ్యి వేస్తే అది లేచి నమస్కారం పెట్టి కూర్చునేది. చెవులు మాత్రం ఆయనకు కళ్లజోడు తగిలించుకోవడానికే పనికొచ్చేవి. కస్టమర్ నోరు తెరిచేలోపే ఈయన పెట్టె తెరిచేసేవారు.

"వాళ్లు చెప్పేది విన్నావంటే నీకు వచ్చింది కూడా మర్చిపోతావురా," అనేవారు. అది మొదటి పాఠం.

రెండోది: "ఉన్నది ఉన్నట్టు చెప్తే జనం వినరు. కాస్త కారం దట్టించి చెప్పాలి."

మొదటి పాఠం నేను కష్టపడి నేర్చుకున్నాను. రెండోది నాకు పుట్టుకతోనే వచ్చింది. ఒక నూలు మిల్లు ఆఫీసులో కంప్యూటర్ మీద టీ గ్లాసులు పెట్టొద్దని రెండేళ్లు మామూలుగా చెప్పాను, ఎవరూ వినలేదు. మూడో ఏడు, "ఒక్క టీ చుక్క లోపల పడితే రోడ్డు మీది ట్రాన్స్‌ఫార్మర్ పేలుద్ది," అన్నాను. ఆ ఆఫీసులో టీ తాగడమే మానేశారు. అప్పటి నుంచి నేను చెప్పే ప్రతి జాగ్రత్తకీ ఒక పేలుడు జోడించడం అలవాటైంది.

ఓనరు గారి చేతిపని నాకొచ్చినందుకు ఆయనకు ఈ రోజుకీ దణ్ణం పెడతాను. కానీ ఆ రెండు పాఠాలూ తప్పే. ఎందుకు తప్పో ముందున్న కథంతా చెబుతుంది.

దుప్పటిలో వచ్చిన పెట్టె

మిరప కోతలు జోరుగా సాగుతున్న రోజుల్లో ఒకావిడ షేర్ ఆటోలోంచి దిగి, దుప్పటిలో చుట్టిన సీపీయూని పురిటి బిడ్డలా పొత్తిళ్లలో పట్టుకుని వచ్చింది. పేరు సువార్తమ్మ. పేటకి అరగంట దూరంలో పల్లె. ఎకరం కౌలుకి తీసుకుని మిరప వేసింది, పక్కనున్న ముక్కలో పత్తి.

"మా అమ్మాయి కరుణది తమ్ముడూ. కాసేపు గుర్రుమంటది, ఆగిపోద్ది. నాకంటే అన్యాయం," అంది.

విప్పి చూశాను. ఫ్యాను రెక్కలకి పత్తి నూగు ఎంత పట్టిందంటే, పీకి ఆరబెడితే చిన్నసైజు దిండు కుట్టించుకోవచ్చు. దాని మీద ఎర్రగా మిరప దుమ్ము. తెలివితక్కువగా బ్లోయరు ఆన్ చేశాను. ఆ తర్వాత నేను తుమ్మిన తుమ్ములకి ఎదురు షాపు టైలరు కొలతలు మర్చిపోయి, ఎవరి లాగుకో మూడు కాళ్లు కత్తిరించాడని పేటలో ఇప్పటికీ చెప్పుకుంటారు. చెప్పుకునేది నేనే అనుకోండి.

శుభ్రం చేసి, నా మానిటర్ తగిలించి చూశాను, బాగానే నడిచింది. స్పీకర్లు తగిలించలేదు. తిరిగి దుప్పటి చుడుతూ రెండో పాఠం అందుకున్నాను.

"అక్కా, జాగ్రత్తగా వినండి. ఈ కారం దుమ్ము ఒక్క నలుసు ముందున్న బొక్కల్లోకి పోయిందా, పెట్టె కాదు, ఇల్లే లేచిపోద్ది. ఆ బొక్కల్లో పిన్నీసులూ సూదులూ పొరపాటున కూడా పెట్టొద్దు. లోపల ఐదువేల వోల్టులు!"

సువార్తమ్మ కళ్లు చేటంత చేసుకుని విన్నది. నా మాట అంత శ్రద్ధగా విన్న మనిషి మా ఇంట్లో కూడా లేదు. పొంగిపోయాను. ఆవిడ ఇంకేదో అడిగింది. అప్పటికి నేను ఇంకొకరితో ఫోన్లో ఉన్నాను. ఆవిడ వైపు చూసి తల ఊపాను.

ఆ తల ఊపు గుర్తుపెట్టుకోండి.

ఫోన్లో వినని మాట

కొన్ని వారాల తర్వాత ఒక బుధవారం పొద్దున్నే ఫోన్.

"అంకుల్, నేను సువార్తమ్మ గారి అమ్మాయి కరుణనండి. కంప్యూటర్లో సౌండు పోయిందండి. నిన్నటిదాకా బాగానే ఉంది."

"రీస్టార్ట్ చేశావా అమ్మా?"

"చేశానండి. హెడ్‌ఫోన్స్ పెట్టి చూద్దామంటే ముందున్న కన్నంలో పట్టట్లేదండి, ఏదో..."

"ఆ కన్నాలంతే, పాడైపోతాయి. దాన్నొదిలెయ్. కింద కుడి మూల స్పీకర్ బొమ్మ ఉంటది. దాని మీద ఎర్ర గుర్తుందా చూడు."

"అంకుల్, అదే చెప్తన్నా, నేను..."

"సరేలే అమ్మా, సౌండేగా! పాటలు ఒక రోజు ఆలస్యంగా వింటే కొంపలేం మునగవు. రేపు మధ్యాహ్నం వస్తా."

పెట్టేశాను. ఆ అమ్మాయి రెండుసార్లు చెప్పబోయింది, రెండుసార్లూ నేను కోసేశాను. కత్తెర పని టైలరు కంటే నాకే బాగా వచ్చు.

మానిటర్ లేని ఇల్లు

గురువారం ఒంటిగంటన్నరకి ఆ పల్లెకి చేరాను. మంగళవారం నుంచి మబ్బు పట్టి ఉంది. వాన భయానికి కల్లంలోని మిరపకాయలన్నీ ఇళ్లలోకి వచ్చేశాయి. సువార్తమ్మ ముందు గదిలో బస్తాలు పైకప్పుని మోస్తున్నాయా అన్నట్టున్నాయి. ఘాటుకి గోడ మీద బల్లి కూడా కళ్లు తుడుచుకుంటోంది. బస్తాల మధ్య సన్నటి దారి, దాని చివర బల్ల, బల్ల ముందు పాతికేళ్ల అమ్మాయి. బల్ల మీద కీబోర్డు, రెండు స్పీకర్లు. అంతే. బల్ల కింద సీపీయూ, దానికి చీర అంచుతో కుట్టిన గలేబు.

"మానిటర్ ఏదమ్మా?" అన్నాను.

"లేదంకుల్."

"రిపేరుకిచ్చారా?"

"కొనలేదంకుల్."

"మరి ఎట్టా చూస్తావు?"

"చూడను. వింటాను," అంది కరుణ. "పుట్టినప్పటి నుంచి నాకు చూపు లేదు. తెరమీద ఏముందో చదివి వినిపించే ప్రోగ్రాం ఉంది. ఏ కీ నొక్కినా దాని పేరు చెప్పుద్ది. నిన్న అదే చెప్పబోతుంటే మీరు ఫోన్ పెట్టేశారు."

మొదటిసారి నిర్ఘాంతపోయింది అక్కడ. నోరు తెరిచాను. తెరిచిన నోట్లోకి మిరప ఘాటు వెళ్లింది. మూశాను. పాటలు ఒక రోజు ఆలస్యంగా వినొచ్చని చెప్పింది ఈ అమ్మాయికా!

"ఎన్నింటికి తమ్ముడూ బాగయ్యేది?" వెనక నుంచి సువార్తమ్మ. "మూడింటికి దీనికి పరీక్ష."

ఏదో కంపెనీలో ఇంటి నుంచి చేసే ఉద్యోగం. కస్టమర్లు రాసే ఉత్తరాలకి జవాబులు రాయాలి. సరిగ్గా మూడింటికి కంప్యూటర్లో పరీక్ష మొదలవుతుంది, పది నిమిషాలు దాటితే తలుపు మూసేస్తారు. మళ్లీ అవకాశం ఇవ్వరు. ఫోన్లో రాయడానికి ఒప్పుకోరు. ఇది కరుణ పెట్టిన పద్నాలుగో అప్లికేషన్ అట. మిగతా పదమూడు చోట్లా చూపు లేదనగానే, తర్వాత చెప్తామన్నారు. వీళ్లొక్కళ్లే, "పరీక్ష రాయి, చూద్దాం," అన్నారు.

నా చేతిలో గంటన్నర కంటే తక్కువే ఉంది.

అన్నీ చేసేసిన అమ్మాయి

ధైర్యం తెచ్చుకుని, గొంతులో ఇరవై ఆరేళ్ల అనుభవం నింపుకుని మొదలుపెట్టాను.

"ముందు స్పీకర్లు చూడాలి."

"బాగున్నాయంకుల్. ఫోన్‌కి తగిలించి విన్నా."

"అయితే వైరు."

"మార్చి చూశా."

"వెనక గుచ్చింది లూజైందేమో."

"తీసి మూడుసార్లు పెట్టా. వెనక ఆకుపచ్చదే గదా, అమ్మనడిగి రంగు కూడా చూపించుకున్నా."

"వాల్యూమ్ తగ్గిందేమో?"

"పెంచే కీ ముప్పైసార్లు నొక్కా."

"రీస్టార్ట్..."

"ఆరుసార్లు."

రెండోసారి నిర్ఘాంతపోయాను. నేను చేయాల్సిన పనులన్నీ, నేను చేసే వరసలోనే, నాకంటే శుభ్రంగా ఆ పిల్ల చేసేసింది. ఇక నా సంచిలో మిగిలింది ఫార్మాట్ ఒక్కటే. లోపలున్నవన్నీ తుడిచేసి మళ్లీ మొదటి నుంచి ఎక్కించడం. మా వృత్తి రహస్యం చెబుతున్నాను, వినండి: ఏం తెలియనప్పుడు చేసేది ఫార్మాట్. పెన్‌డ్రైవ్ బయటికి తీశాను. అయినా అలవాటు కొద్దీ పెద్ద మాట అన్నాను.

"వైరస్ నరనరానా పాకిందమ్మా. ఫార్మాట్ కొట్టాలి."

"చూడకుండానే ఎట్టా తెలిసిందంకుల్?" అంది కరుణ. వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగింది. "ఫార్మాట్ కొడితే నాకు చదివి వినిపించే ప్రోగ్రాం ఉంటదా?"

"ఉండదు."

"మూడింటిలోపు మళ్లీ ఎక్కుద్దా?"

నేను గడియారం చూశాను. రెండు దాటింది. జవాబు చెప్పలేదు.

"అంకుల్, నాకు చెప్పండి," అంది. "కాదంటే కాదని చెప్పండి. మీరు మాట్లాడకపోతే నాకు మీరున్నట్టు కూడా తెలియదు."

పెన్‌డ్రైవ్ జేబులో పెట్టేశాను. "ఎక్కదమ్మా," అన్నాను. "ఫార్మాట్ వద్దు. నేను తెర చూడాలి. టీవీ ఉందా?"

"టీవీ ఎందుకు తమ్ముడూ, ఇప్పుడు సీరియలేమైనా వస్తదా?" అంది సువార్తమ్మ.

"కాదక్కా, దీనికి తగిలిద్దామని."

టీవీ ఉంది. బస్తాల అవతల, గోడకి. నా సంచిలో బొమ్మని మాత్రమే మోసే పాత నీలం మూతి కేబుల్ ఉంది. సీపీయూ టీవీ దగ్గరికి వెళ్లాలంటే బస్తాలెక్కి దిగాలి. ఎక్కాను. ఎవరెస్టు ఎక్కినవాళ్లకి గాలి అందదంటారు. నాకు గాలి అందింది, అదే బాధ. ఒక్కో బస్తా మీద ఒక్కో డజను తుమ్ములు. అవతలికి చేరేసరికి నా కళ్లూ మూసుకుపోయాయి. ఆ గదిలో దారి తెలిసిన మనిషి కరుణ ఒక్కతే. నా భుజం పట్టుకుని, "ఎడమకి అంకుల్, అక్కడ కుర్చీ ఉంది," అని నడిపించి కూర్చోబెట్టింది. సువార్తమ్మ సీపీయూ, కీబోర్డు, స్పీకర్లు మోసుకొచ్చి పెట్టింది.

టీవీలో బొమ్మ వచ్చేసరికి రెండు ఇరవై అయిదు. కళ్లు తుడుచుకుని మూలన చూశాను. స్పీకర్ బొమ్మ ఉండాల్సిన చోట హెడ్‌ఫోన్ బొమ్మ ఉంది.

మూడోసారి నిర్ఘాంతపోయింది అప్పుడు.

"హెడ్‌ఫోన్స్ తగిలించి ఉన్నాయని చూపిస్తోందే! తగిలించావా?"

"లేదంకుల్. పట్టట్లేదని నిన్న ఫోన్లోనే చెప్పా గదా," అంది. "ఏదో అడ్డుందండి. వేలితో తడిమితే తగులుతోంది. పుల్లతో తీద్దామంటే షాక్ కొడతదని అమ్మ ముట్టుకోనివ్వలేదు."

కొత్తగా వచ్చేవాళ్లు ఇది తెలుసుకోవాలి. హెడ్‌ఫోన్ పిన్ను దూరగానే లోపల ఒక రేకు పక్కకి జరుగుతుంది. అది జరిగితే చాలు, కంప్యూటర్ స్పీకర్ల నోరు మూసి సౌండంతా హెడ్‌ఫోన్‌కి పంపుతుంది. దూరింది పిన్నా, ఇంకేదైనానా అని దానికి తెలియదు. సౌండు పోయిందంటే మొదట చూడాల్సిన చోటు ఆ కన్నమే. ఆ అమ్మాయి ముందు రోజే దాని మీద వేలు పెట్టి మరీ చెప్పింది. నేను, "దాన్నొదిలెయ్," అన్నాను.

ఐదువేల వోల్టులు

చీర అంచు గలేబు పైకెత్తి, టార్చి వేశాను. ముందు వైపు నాలుగు కన్నాలు. నలుచదరంగా ఉన్న రెండింటిలో దూది, చక్కగా కూరి ఉంది. గుండ్రంగా ఉన్న రెండింటిలో ఎండు మిరపకాయ తొడిమలు. సీసాకి బిరడా బిగించినట్టు బిగించి, పైకి పొడుచుకు రాకుండా అంచు దగ్గరే విరిచేసి ఉన్నాయి. ఈ నేల మీద పండే రెండు పంటలూ ఆ పెట్టె ముందు భాగంలోనే ఉన్నాయి.

"ఈ పని చేసిందెవరు?" అని గావుకేక పెట్టాను.

"నేనే తమ్ముడూ," అంది సువార్తమ్మ, గర్వంగా. "మంగళవారం బస్తాలు లోపలికి చేర్చేటప్పుడు మూశా. నువ్వేగా చెప్పింది!"

"నేనా?"

"నువ్వే. ఒక్క నలుసు పోతే ఇల్లు లేచిపోద్దన్నావు. మరి బొక్కలు మూసెయ్యమంటావా అని అడిగా. తల ఊపావు. పిన్నీసులు పెట్టొద్దన్నావని ఇనుము ముట్టుకోలా. తొడిమకైతే కరెంటు పాకదు గదా అని అదే పెట్టా."

నాలుగోసారి. దీన్ని ఎలా చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు. వైరస్ లేదు, వైరు లోపం లేదు. ఆ పెట్టెని మూగదాన్ని చేసింది నేను. ఇంటి తుమ్ములన్నిటికీ నేనే మందు అనుకున్నాను, తీరా చూస్తే కారం నాదే.

"టైమెంత అంకుల్?" అంది కరుణ మెల్లగా. రెండు రోజులుగా టైము చెప్పే కంప్యూటర్ కూడా ఆ అమ్మాయికి లేదు.

"రెండూ ముప్పై ఆరు."

ట్వీజర్స్ తీసి పట్టుకోబోయాను. తొడిమ అంచు పొడి అయి రాలింది తప్ప కదల్లేదు. కళ్లలో నీళ్లు. ఇంకోసారి ప్రయత్నిస్తే ఇంకా లోపలికి వెళ్లింది.

"ఉండు తమ్ముడూ, నువ్వు ఒత్తి లోపలికి తోస్తన్నావు," అంది సువార్తమ్మ. మెడలో గొలుసుకున్న పిన్నీసు విప్పింది. కన్నం దాకా తెచ్చి ఆగింది. "షాక్ కొట్టదుగా? ఐదువేల వోల్టులన్నావు."

అబద్ధం పెంచడానికి వెయ్యి దారులుంటాయి. దించడానికి ఒక్కటే.

"కొట్టదక్కా. స్విచ్చి తీసేశా చూడండి. అసలా కన్నంలో కొట్టేంత కరెంటు ఎప్పుడూ లేదు."

"మరి అప్పుడన్నావుగా?"

"అన్నాను. అబద్ధం చెప్పాను."

"ఇల్లు లేచిపోవడం?"

"అదీ అబద్ధమే."

నా వైపు ఒక చూపు చూసింది. ఆ చూపు ముందు ఐదువేల వోల్టులు ఒక లెక్కా! లక్షల కాయలకి తొడిమలు వలిచిన చెయ్యి అది. పిన్నీసు కొస పక్కగా దింపి, చిన్నగా తిప్పి, లాగింది. తొడిమ ఊడి వచ్చింది. రెండోదీ వచ్చింది. స్విచ్చి వేశాను. కంప్యూటర్ లేవడానికి పట్టిన ఆ రెండు నిమిషాలూ ఆ గదిలో ఎవరూ తుమ్మలేదు.

కరుణ కీబోర్డు మీద వేళ్లు పెట్టి రెండు కీలు నొక్కింది.

ఆ అమ్మాయి వాల్యూమ్ ముప్పైసార్లు పెంచి ఉంచిందన్న సంగతి ముగ్గురమూ మర్చిపోయాం. స్పీకర్లు టైము చెప్పలేదు, టైముని ఊరంతటికీ దండోరా వేశాయి. పెరట్లో కోళ్లు గోడెక్కాయి. నేను బస్తా మీద పడ్డాను. సువార్తమ్మ, "ప్రభువా!" అని చెవులు మూసుకుంది. కరుణ ఒక్కతే కదల్లేదు. రెండు చేతులూ కీబోర్డు మీద అలాగే ఉంచి, ముఖమంతా తడి అయిపోతుంటే, ఆ అరుపు పూర్తిగా వింది. తర్వాత వాల్యూమ్ తగ్గించి, "రెండు నలభై మూడు," అంది మాకోసం.

మూడింటికి పరీక్ష తలుపు తెరుచుకుంది. కంప్యూటర్ గొంతు గడగడా చదువుతుంటే నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కరుణకి అన్నీ అర్థమయ్యాయి. గంటసేపు నేనూ సువార్తమ్మా వాకిట్లో మాట్లాడకుండా కూర్చున్నాం. మాట్లాడకుండా కూర్చోవడం నాకు అదే మొదటిసారి.

ఆ బొక్కల సంగతి

ఆ రోజు నుంచి షట్టరు దించేదాకా ఎవరింటికి వెళ్లినా సంచి విప్పేముందు కుర్చీ అడిగి కూర్చునేవాణ్ణి. "ఏమైందో మొదటి నుంచి చెప్పండి," అని చెప్పి, వాళ్లు ఆపేదాకా నోరు మూసుకునేవాణ్ణి. సగం రిపేర్లు కుర్చీలోనే అయిపోయాయి. ఇది ఏ కోర్సులోనూ ఉన్నట్టు లేదు.

మూడు వారాలకి కరుణ ఫోన్ చేసింది. ఉద్యోగం వచ్చింది. నేను ఒక్క మాట కూడా అడ్డం రాకుండా విన్నాను. జీతం, పని వేళలు, వాళ్లు పంపబోయే కొత్త హెడ్‌ఫోన్స్, అన్నీ చెప్పింది. చివర్లో, "అమ్మ మాట్లాడతదంట," అంది.

"తమ్ముడూ, బస్తాలు కల్లానికి పోయినయ్ గానీ మళ్లీ మబ్బు పడతంది," అంది సువార్తమ్మ. "ఈసారి ఆ బొక్కలు దేంతో మూయమంటావు?"

నాలుక చివర దాకా ఒక పేలుడు వచ్చింది. మింగేశాను.

"ఏమీ మూయొద్దక్కా. మీద గుడ్డ కప్పండి. దుమ్ము పడితే తుడవండి."

"అంతేనా?"

"అంతే అక్కా."

ఫోన్ పెట్టేశాననుకుంది. కూతురితో అంటున్న మాట వినిపించింది. "ఏమే కరుణా, ఈయనకి ఇప్పుడేమీ తెలియట్లేదే పాపం. ఇదివరకు ఎంత బాగా చెప్పేవాడు! ఇంకెవరినైనా చూసుకో."

ఆ నెలాఖరుకే షట్టరు దించాను. మెడ నరం వల్ల అని అందరికీ చెప్పాను. కొంచెం పెంచి.